తాతయ్య స్ప్రేయర్, నాలుగు గదులు, ఒక చాపకూడు

కిందటి నవంబరులో ఒక శనివారం పేటలో మాచర్ల బస్సెక్కి ఊరెళ్ళాను. మాది రెంటచింతల దగ్గర పల్లె. ఇంట్లోకి అడుగు పెట్టేసరికి తాతయ్య అటక మీంచి పాత చేతి పంపు స్ప్రేయర్ దించి బూజు దులుపుతున్నాడు. ఎడమ చేత్తో కర్ర కొడుతూ, కుడి చేత్తో గన్ను పట్టుకుని సాలెంట నడిచే మిషన్ అది. తాతయ్యకి అరవై ఆరేళ్ళు. ఎడమ భుజం నొప్పి వల్లే రెండేళ్ళ కిందట, 2023లో, నాన్న ఛార్జింగ్ స్ప్రేయర్ కొనిచ్చాడు.

"అదేమైంది తాతయ్యా?"

"ఏమో, ఏడు ట్యాంకులకే ఆగిపోతంది. షాపాయన బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది మూడున్నర వేలంట."

కొత్తలో ఒక్క ఛార్జింగుతో ఇరవై ట్యాంకులు కొట్టేది. కిందటేడు పదమూడు, పద్నాలుగుకి వచ్చింది. ఈ ఏడు ఏడు. పల్నాడులో మిర్చి వేసేవాళ్ళింట్లో పుట్టిన ఎవరికైనా ఇది చిన్న విషయం కాదని తెలుసు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మా చుట్టుపక్కల తోటల్ని ఏం చేసిందో కళ్ళారా చూశాం. పురుగు పూతలో కనపడిన రోజున మందు పడాలి, నాలుగు రోజులు ఆగి కొడతానంటే అది ఆగదు.

నేను చదివేది కంప్యూటర్ సైన్స్. కానీ ఇంట్లో వాళ్ళ దృష్టిలో ఇంజినీరింగ్ అంటే అన్నీ ఇంజినీరింగే. ఫ్యాను, మిక్సీ, ఫోను, స్ప్రేయర్ ఏది ఆగినా నా దగ్గరికే వస్తుంది. ఆ స్ప్రేయర్ బ్యాటరీని ఎలా చూశాను, ఎక్కడ తప్పు చేశాను, చివరికి ఏం చేస్తే బాగైంది అన్నదే ఈ వ్యాసం. మీ ఇంట్లో స్ప్రేయర్ లేకపోయినా సోలార్ లైటో, ఎలక్ట్రిక్ స్కూటరో ఉండే ఉంటుంది. లోపల కథ ఒకటే.

మొదటి తప్పు: మొత్తం చూసి మురిసిపోవడం

బ్యాటరీని ఫుల్ ఛార్జ్ చేసి, గంట ఆగి, మల్టీమీటర్ పెట్టాను. 13.4 వోల్టులు చూపించింది. 12 వోల్టుల బ్యాటరీకి 13.4 అంటే నిండుగా ఉన్నట్టే కదా! "బ్యాటరీ సూపర్‌గా ఉంది తాతయ్యా, మోటారు పోయుంటుంది" అని తీర్పు చెప్పేశాను.

తాతయ్య ఒక్క క్షణం ఆలోచించి, "మోటారు పోతే మొదటి ట్యాంకుకే ఆగాల గదరా? ఏడు ట్యాంకులు ఎట్టా కొట్టింది? పైగా మళ్ళీ ఛార్జింగ్ పెడితే మళ్ళీ ఏడు కొడతంది" అన్నాడు.

నాకు సమాధానం లేదు. మా డీబగ్గింగ్ క్లాసులో చెప్పింది కూడా ఇదే: లక్షణాలన్నిటినీ వివరించలేని కారణం అసలు కారణం కాదు. అందుకని ఈసారి లక్షణాలన్నీ వరసగా అడిగాను. మూడు విషయాలు తేలాయి.

ఒకటి, స్ప్రేయర్ మెల్లగా నీరసపడి ఆగట్లేదు. జోరుగా కొడుతూ కొడుతూ స్విచ్ ఆపినట్టు టక్కున ఆగుతోంది. రెండు, ఛార్జర్‌లో ఎర్ర లైటు పచ్చగా మారడానికి ఇదివరకు ఆరు గంటలు పట్టేది, ఇప్పుడు రెండు గంటలకే మారుతోంది. మూడు, ఆగిపోయిన వెంటనే మీటర్ పెట్టినా బ్యాటరీ 12 వోల్టుల పైనే చూపిస్తోంది.

త్వరగా నిండుతుంది, త్వరగా ఖాళీ అవుతుంది, కానీ ఎప్పుడు చూసినా ఆరోగ్యంగానే కనపడుతుంది. ఈ మూడూ కలిసి ఉంటే మొదట అనుమానించాల్సింది సెల్లుల మధ్య తేడాని. దీన్నే సెల్ ఇంబ్యాలెన్స్ అంటారు.

డబ్బా లోపల ఏముంది

నాలుగు స్క్రూలు తీసి డబ్బా తెరిచాను. లోపల బొద్దుగా, బొటనవేలుకి రెట్టింపు లావున ఎనిమిది సెల్లులు. వాటిని 32650 అంటారు, మొదటి రెండంకెలు మిల్లీమీటర్లలో వ్యాసం. ఒక్కోటి 6 ఏహెచ్. రెండేసి సెల్లుల్ని పక్కపక్కన కలిపితే 12 ఏహెచ్ జంట. అలాంటి జంటలు నాలుగు, ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో. ఈ అమరికని 4ఎస్2పీ అని రాస్తారు. ఒక జంటలోని రెండు సెల్లులూ పారలల్‌లో ఉంటాయి కాబట్టి వాటి వోల్టేజీ ఎప్పుడూ ఒకటే. లెక్కకి జంట మొత్తాన్నీ ఒక పెద్ద సెల్ అనుకోవచ్చు. తాతయ్యకి అర్థమవ్వాలని నేను దాన్ని "గది" అన్నాను. ఇక్కడా అదే వాడతాను. మన బ్యాటరీలో నాలుగు గదులు.

ఇవి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లులు, పొట్టిగా ఎల్ఎఫ్‌పీ. లిథియం-అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదట మార్కెట్లోకి తెచ్చినప్పుడు అందులో కోబాల్ట్ ఉండేది. 1990ల్లోనే టెక్సస్ యూనివర్సిటీలో జాన్ గుడినఫ్ దగ్గర పనిచేస్తున్న అక్షయ పాధి అనే భారతీయ శాస్త్రవేత్త, వాళ్ళ బృందం, ఇనుము, ఫాస్ఫేట్‌తో సెల్ చేయొచ్చని చూపించారు. గుడినఫ్‌కి 2019లో 97 ఏళ్ళ వయసులో నోబెల్ వచ్చింది. ఈ రకం సెల్ చవక, ఎక్కువ కాలం వస్తుంది, వేడెక్కినా మిగతా లిథియం రకాలంత తేలిగ్గా మంటలంటుకోదు. అందుకే లిథియం బ్యాటరీ వాడే స్ప్రేయర్లలో, సోలార్ వీధి దీపాల్లో, ఈ-రిక్షాల్లో ఎక్కువగా ఇదే ఉంటుంది.

ఒక్కో గది మామూలు వోల్టేజీ 3.2. నాలుగు గదులూ కలిపితే 12.8. నిండా ఎక్కించేటప్పుడు 3.65 దాకా వెళ్తుంది, అందుకే ఛార్జర్ మీద 14.6 అని రాసి ఉంటుంది. పూర్తిగా దిగితే 2.5.

గదుల పైన ఒక చిన్న పచ్చ బోర్డు ఉంది. దాని పేరు బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపలా కాసేది. నాలుగు గదుల నుంచీ దానికి సన్న తీగలు వెళ్తాయి. దాని పని ప్రధానంగా మూడు. ఏ ఒక్క గది గరిష్ఠ హద్దు దాటినా ఛార్జింగ్ ఆపేయాలి. ఏ ఒక్క గది 2.5కి పడిపోయినా వాడకం ఆపేయాలి. గదుల మధ్య కొద్దిపాటి తేడాలుంటే సర్దాలి. "ఏ ఒక్క గది" అన్న మాటని గుర్తుపెట్టుకోండి, కథంతా అక్కడే ఉంది.

చాపకూడు లెక్క

ఇంగ్లీషులో నాకు ఇది తెలుసు. "ప్యాక్ కెపాసిటీ ఈజ్ లిమిటెడ్ బై ద వీకెస్ట్ సెల్" అని ఎక్కడో చదివి పరీక్షలో రాసేంత తెలుసు. తాతయ్యకి తెలుగులో చెప్పబోతే మాత్రం నోరు పెగల్లేదు. చివరికి ఆయనకి తెలిసిన కథలోంచే చెప్పాల్సొచ్చింది.

బ్రహ్మనాయుడి చాపకూడు గురించి మా ఊళ్ళో చెప్పనక్కర్లేదు. కులం అడక్కుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి ఒకే కూడు పెట్టడం. సిరీస్‌లో ఉన్న సెల్లులది కూడా చాపకూడే. కరెంటుకి వేరే దారి లేదు, అన్ని గదుల్లోంచీ ఒకేలా పోవాల్సిందే. ఒకరికి ఎన్ని ముద్దలు పెడితే అందరికీ అన్నే ముద్దలు. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండదు.

ఇప్పుడు నలుగురు చాప మీద కూర్చున్నారు అనుకోండి. ముగ్గురు సగం కడుపుతో వచ్చారు. రెండోవాడు మాత్రం ఖాళీ కడుపుతో వచ్చాడు. వడ్డించేవాడికి ఒక నియమం ఉంది: ఎవరు "చాలు" అన్నా వడ్డన మొత్తం ఆపేయాలి. ఆ ముగ్గురిలో ఒకడు త్వరగా "చాలు" అంటాడు. వడ్డన ఆగిపోతుంది. రెండోవాడి ఆకలి తీరలేదు, కానీ లేవాల్సిందే. తర్వాత నలుగురూ కలిసి చేలోకి వెళ్ళారు. అక్కడా అదే నియమం: ఒకడు పడిపోతే నలుగురూ పని ఆపేయాలి. ముందు ఎవరు పడతారు? అర్ధాకలితో లేచిన రెండోవాడే. మిగతా ముగ్గురికీ ఇంకా బోలెడు శక్తి ఉంది. అయినా పని ఆగింది.

స్ప్రేయర్ ఏడు ట్యాంకులకే టక్కున ఆగడం, అప్పటికీ మొత్తం 12 వోల్టుల పైనే ఉండటం, ఛార్జర్ రెండు గంటలకే పచ్చగా మారడం, మూడింటికీ ఇదొక్కటే సమాధానం.

మా భాషలో చెప్పాలంటే ప్యాక్ సామర్థ్యం సగటు కాదు, మిన్ ఫంక్షన్. నలుగురిలో ముగ్గురు బాగుంటే ముప్పావు మార్కులు రావు, వెనకబడ్డవాడి మార్కులే అందరికీ.

రెండు చివరలా చూడాలి, మధ్యలో కాదు

కారణం అనుమానించాం సరే, రుజువు? ఇక్కడ ఎల్ఎఫ్‌పీ ఒక చిక్కు పెడుతుంది. దాని వోల్టేజీ గీత మధ్యలో మాచర్ల రోడ్డంత బల్లపరుపుగా ఉంటుంది. ఇరవై శాతం ఛార్జ్ దగ్గర 3.2 చిల్లర, ఎనభై శాతం దగ్గర 3.3 చిల్లర. అంటే మధ్యలో ఉన్నప్పుడు రెండు గదుల మధ్య 0.03 వోల్టుల తేడా కనపడితే, లోపల ముప్పై శాతం తేడా ఉండొచ్చు. సగం ఛార్జ్‌లో కొలిచి "అన్నీ సమానంగానే ఉన్నాయి" అనుకోవడం ఈ బ్యాటరీల విషయంలో అందరూ చేసే పొరపాటు. నిజం బయటపడేది రెండు చోట్లే: పూర్తిగా నిండేటప్పుడు, పూర్తిగా దిగేటప్పుడు. ఆ రెండు చివరల్లో గీత నిటారుగా ఉంటుంది.

అందుకని ఛార్జర్ పెట్టి, పచ్చ లైటు వెలగబోయే ముందు ఒక్కో గదినీ విడివిడిగా కొలిచాను.

ఒకటో గది 3.52. రెండోది 3.33. మూడోది 3.74. నాలుగోది 3.58.

మూడో గది 3.75 తాకగానే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేసింది. ఛార్జర్‌కి లోపలి సంగతి తెలియదు, కరెంటు పోవట్లేదు కాబట్టి నిండిందనుకుని పచ్చ లైటు వెలిగించింది. రెండో గది మాత్రం 3.33 దగ్గరే, అంటే ఇంకా బల్లపరుపు రోడ్డు మీదే ఉంది. అర్ధాకలివాడు దొరికాడు.

తర్వాత దించడం. దీనికి ఆటోల్లో ఇండికేటర్‌కి వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బు ఒకటి తెచ్చి బ్యాటరీకి తగిలించాను. అది సుమారు 1.8 ఆంపియర్లు లాగుతుంది. నిజంగా 12 ఏహెచ్ ఉంటే ఆరున్నర గంటలు వెలగాలి. రెండుంపావు గంటలకే ఆరిపోయింది. అంటే దొరికింది దాదాపు 4 ఏహెచ్. ఆరే ముందు చివరి నిమిషాల్లో కొలతలు ఇలా ఉన్నాయి: 3.27, 2.49, 3.26, 3.27. మొత్తం కలిపితే 12.29. బయటి నుంచి చూసేవాడికి ఇది ఆరోగ్యమైన బ్యాటరీ. లోపల ఒకడు స్పృహ తప్పి ఉన్నాడు.

ఆకలా, జబ్బా?

ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేసుకోవాలి. రెండో గది వెనకబడింది, నిజమే. కానీ అది ఆకలితో ఉందా, జబ్బుపడిందా? ఆకలైతే అన్నం పెడితే చాలు. జబ్బయితే ఎంత పెట్టినా దండగ, సెల్ మార్చాల్సిందే. చాలామంది ఇది తేల్చకుండానే సెల్లులు మార్చేస్తారు, లేదా మార్చాల్సినవి మార్చకుండా బ్యాలెన్సర్లు కొంటారు. చాపకూడు లెక్కతోనే దీన్ని తేల్చొచ్చు.

భోజనం దగ్గర ఆఖరువాడూ, పని దగ్గర ముందు పడిపోయినవాడూ ఒకడే అయితే, అంటే ఒకే గది పైన కూడా తక్కువ, కింద కూడా తక్కువ అయితే, అది ఆకలి. కడుపు అందరి కడుపంతే ఉంది, కానీ తక్కువ నిండింది. బ్యాలెన్స్ చేస్తే బాగవుతుంది.

భోజనం దగ్గర అందరికంటే ముందు "చాలు" అన్నవాడే, పని దగ్గర కూడా ముందు పడిపోతే, అంటే ఒకే గది పైన అందరికంటే ఎక్కువ, కింద అందరికంటే తక్కువ అయితే, వాడి కడుపే చిన్నదైపోయింది. సెల్ సామర్థ్యం తగ్గింది. దీన్ని ఏ బ్యాలెన్సరూ బాగుచేయలేదు.

మూడో రకం గోల చేసేవాడు. వడ్డిస్తుంటే కడుపు నిండినట్టు అరుస్తాడు, పని చెప్తే చచ్చిపోతున్నట్టు మూలుగుతాడు, ఊరికే కూర్చుంటే అందరిలాగే ఉంటాడు. కరెంటు పోతున్నప్పుడు మాత్రమే వోల్టేజీ ఎగిరి, కరెంటు లాగుతున్నప్పుడు మాత్రమే పడిపోయి, ఖాళీగా ఉన్నప్పుడు మామూలుగా ఉంటే లోపలి రెసిస్టెన్స్ పెరిగినట్టు. అయితే సెల్‌ని తిట్టే ముందు అతుకులు చూడండి. నికెల్ పట్టీ వెల్డింగ్ ఊడినా, టంకం పగిలినా ఇదే లక్షణం కనిపిస్తుంది. మీటర్ మొనల్ని ఒకసారి పట్టీ మీద, ఒకసారి నేరుగా సెల్ మీద పెట్టి కొలవండి. రెండు అంకెలకీ తేడా వస్తే తప్పు అతుకుది.

మా రెండో గది పైనా ఆఖరే, కిందా ఆఖరే. ఆకలి కేసు! తాతయ్యకి చెప్తే, "మరి అన్నం పెట్టు" అన్నాడు.

అన్నం పెట్టడం

అన్నం పెట్టే సామాను నా దగ్గర లేదు. ఆ వారం తాతయ్య ఏడేసి ట్యాంకులతోనే నెట్టుకొచ్చాడు. తర్వాతి శనివారం మా రోబోటిక్స్ ఫ్రెండ్ దగ్గర టీపీ5000 అనే గోరంత ఛార్జింగ్ మాడ్యూల్ అప్పు తీసుకుని వెళ్ళాను. మామూలు 5 వోల్టుల ఫోన్ ఛార్జర్‌తో పనిచేస్తుంది, ఒక్క సెల్‌కి ఒక ఆంపియర్ దాకా ఇస్తుంది. దీన్ని 3.6 వోల్టులకీ పెట్టుకోవచ్చు, 4.2కీ పెట్టుకోవచ్చు. ఎల్ఎఫ్‌పీకి 3.6 పెట్టాలి. ఎక్కువ షాపుల్లో దొరికే టీపీ4056 మాడ్యూల్ 4.2 వోల్టులది, అది దీనికి పనికిరాదు. చూడ్డానికి రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి కాబట్టి తగిలించే ముందు మీటర్‌తో ఔట్‌పుట్ కొలిచి చూసుకోవడం తప్పనిసరి.

చేసిన క్రమం ఇది. ముందు మామూలు ఛార్జర్‌తో బీఎంఎస్ ఆపేదాకా ఎక్కించాను. దాంతో ఒకటి, మూడు, నాలుగు గదులు నిండాయి. తర్వాత ఛార్జర్ పూర్తిగా తీసేశాను, స్ప్రేయర్ కూడా తీసేశాను. మాడ్యూల్ ప్లస్, మైనస్‌లని రెండో గది రెండు చివరలకీ మాత్రమే తగిలించాను. ఒకటికి రెండుసార్లు పోలారిటీ చూసుకున్నాను. ఇక కాపలా.

ఏడు గంటలు పైనే తాగింది! ఒక ఆంపియర్‌కి కొంచెం తక్కువ చొప్పున లెక్కేస్తే ఆ గదిలో లోటు 6.8 ఏహెచ్ దగ్గర. బల్బు పరీక్షలో దొరికిన 4కి ఇది కలిపితే 10.8. రెండేళ్ళు వాడిన 12 ఏహెచ్ బ్యాటరీకి అది న్యాయమైన అంకె. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన లెక్క కలిసినప్పుడు నేను ఎంత గంతేశానో చెప్తే నవ్వుతారు.

మీకో సందేహం రావాలి. బీఎంఎస్ పనుల్లో మూడోది తేడాలు సర్దడమే కదా, అది ఏం చేస్తోంది ఇన్నాళ్ళూ? సర్దుతూనే ఉంది, కానీ చెంచాతో. ఇలాంటి చవక బోర్డులు నిండిన గది నుంచి సుమారు 50 మిల్లీ ఆంపియర్లు ఒక చిన్న రెసిస్టర్‌లో వేడిగా కాల్చేస్తాయి. అదీ 3.6 దాటాక మాత్రమే. 6.8 ఏహెచ్‌ని 50 మిల్లీతో భాగిస్తే 136 గంటలు. పచ్చ లైటు వెలగ్గానే తీసేసే మనకి 136 గంటల ఓపిక ఎక్కడిది? చిన్న తేడాల్ని పెరగకుండా ఆపడానికే అది. పెరిగిపోయిన తేడాని ఒకసారి చేత్తో సర్ది దానికి అప్పగించాలి.

మర్నాడు మళ్ళీ మామూలు ఛార్జర్ పెట్టి, పచ్చ లైటు వచ్చాక కూడా కొన్ని గంటలు ఉంచాను. పైన కొలతలు: 3.64, 3.62, 3.67, 3.66. నలుగురూ ఒకేసారి "చాలు" అన్నారు. బల్బు ఈసారి ఆరు గంటలు వెలిగింది. ఆ వారం తాతయ్య ఫోన్ చేసి, "పద్దెనిమిది కొట్టిందిరా" అన్నాడు. చేతి పంపు మళ్ళీ అటకెక్కింది.

అసలు ఎందుకొచ్చింది?

బాగుచేశాం కదా అని వదిలేస్తే వచ్చే ఏడు మళ్ళీ ఇదే. ఏ సెల్ అయినా ఊరికే పెట్టినా కొంచెం కొంచెం దిగుతుంది. చవక ప్యాకుల్లో సెల్లుల్ని ఒకేలాంటివి ఏరి కలపరు, ఒకటి ఎక్కువ దిగుతుంది, ఒకటి తక్కువ. వేడి ఎంత ఎక్కువైతే అంత త్వరగా. మా రెంటచింతల ఎండల సంగతి ప్రతి మేలోనూ వార్తల్లో వింటూనే ఉంటారు, 45 డిగ్రీలు దాటడం అక్కడ మామూలు. మిరపకాయ కోతలయ్యాక మార్చి నుంచి ఆగస్టు దాకా స్ప్రేయర్ ఎక్కడుండేది? రేకుల షెడ్డులో. ఛార్జింగ్ లేకుండా. రెండు వేసవులు.

లెక్క చూడండి. ఐదేసి నెలలు రెండుసార్లు అంటే దాదాపు 300 రోజులు. 6.8 ఏహెచ్‌ని పంచితే రోజుకి 20 మిల్లీ ఏహెచ్ పైచిలుకు. ఒక రోజులో కనపడదు, నెలలో కనపడదు. రెండేళ్ళలో పదకొండు ట్యాంకులు తినేసింది. పది రోజుల తర్వాత మళ్ళీ పైన కొలిస్తే రెండో గది కొద్దిగా వెనకబడే ఉంది. పది రోజుల లోటు 0.23 ఏహెచ్, బీఎంఎస్ చెంచాకి ఐదు గంటల పని. కాబట్టి మందు అంత పెద్దదేం కాదు: వాడే రోజుల్లో వారానికోసారి పచ్చ లైటు వచ్చాక కూడా ఓ పూట ఛార్జర్ ఉంచడం. వాడని రోజుల్లో నెలకోసారి పైదాకా ఎక్కించి, సర్దుకోనిచ్చి, తర్వాత కొంత దించి నీడలో పెట్టడం. పూర్తిగా నింపి ఎండలో నెలల తరబడి ఉంచినా సెల్ ముసలిదవుతుంది, అందుకే దించడం.

చేయకూడనివి

ఇది చదివి ఉత్సాహంగా స్కూటర్ బ్యాటరీ విప్పకండి. మా స్ప్రేయర్‌ది నాలుగు గదుల ఎల్ఎఫ్‌పీ. చాలా స్కూటర్లలో ఉండేది నికెల్, మాంగనీస్, కోబాల్ట్ రకం. గదులు పదుల్లో ఉంటాయి, వోల్టేజీ షాక్ కొట్టేంత, మంటలంటుకుంటే ఆర్పడం చాలా కష్టం. 2022 ఏప్రిల్లో విజయవాడలో పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయాడు. అదే ఏడు సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న హోటల్ భవనంలో మంటలు లేచి ఎనిమిది మంది పోయారు. ఆ ఏడాదే ఏఐఎస్ 156 భద్రతా నియమాల్ని గట్టి చేసి, 2022 డిసెంబరు నుంచి దశలవారీగా అమల్లోకి తెచ్చారు.

స్కూటర్ విషయంలో మీరు చేయగలిగింది సరైన ప్రశ్న అడగడం. సర్వీస్ సెంటర్లో "బ్యాటరీ పోయింది" అంటే, "పైన నిండినప్పుడు ఒక్కో గ్రూపు వోల్టేజీ ఎంత, కింద ఆగినప్పుడు ఎంత?" అని అడగండి. బ్లూటూత్ ఉన్న బీఎంఎస్ అయితే ఫోన్లోనే కనిపిస్తుంది. ఆకలా, జబ్బా అన్నది మీరే తేల్చుకోవచ్చు.

చిన్న ప్యాకులకైనా కొన్ని మాటలు. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేయండి. 12 వోల్టులు మనిషికి షాకివ్వవు కానీ, స్క్రూడ్రైవర్ అడ్డంపడితే అది అక్కడే ఎర్రగా కాలి అతుక్కుపోతుంది. ఏ ఎల్ఎఫ్‌పీ గదైనా 2 వోల్టుల కిందకి పడి చాన్నాళ్ళు ఉండిపోతే దానికి మళ్ళీ ప్రాణం పోయాలని చూడకండి. లోపలి రాగి రేకు కరిగి, ఛార్జ్ చేసినప్పుడు ముళ్ళలా పేరుకుని లోపలే షార్ట్ అవ్వొచ్చు. ఉబ్బిన సెల్, కారిన సెల్, తీయటి వాసనొచ్చే సెల్ నేరుగా బయటికే. బీఎంఎస్ అడ్డొస్తోందని దాన్ని తీసేసి నేరుగా కలిపేవాళ్ళని చూశాను. వడ్డించేవాడిని తరిమేస్తే భోజనం బాగా జరుగుతుందనుకోవడం అది. ఛార్జింగ్ పగలు, మనిషి కళ్ళ ముందు, అరుగు మీద. మంచం పక్కన కాదు.

మొత్తం ఖర్చు? మాడ్యూల్ అప్పుది, బల్బు ముప్పై రూపాయలు, మల్టీమీటర్ ఫస్టియర్ నుంచీ ఉన్నదే. మూడున్నర వేలు మిగిలాయి. అవి తామర పురుగు మందుకే పోయాయనుకోండి, అది వేరే కథ.

నెలకోసారి ఛార్జింగ్ గుర్తుండాలని ఫోన్లో రిమైండర్ పెట్టిస్తానన్నాను. తాతయ్య అక్కర్లేదన్నాడు. కోతలైపోయి మిషన్ షెడ్డులోంచి పడమటింటి చల్లని మూలకి చేరాక, మొన్న హాస్టల్‌కి ఫోనొచ్చింది.

"ఇయ్యాల అమాస గదా, పొద్దున్నే నీ నలుగుర్నీ చాప మీద కూచోబెట్టినా. లైటు పచ్చగయినాక గూడా సాయంత్రందాకా లేపలా. రేపు మల్లె చెట్లకి నాలుగు ట్యాంకులు నీళ్ళు కొడతా."

"రెండోవాడు తిన్నాడా తాతయ్యా?"

"నువ్వొచ్చినప్పుడు మీటర్ పెట్టి అడుగు" అన్నాడు.